ఖాళీ కుర్చీ ముందు చాచిన చెయ్యి

ప్రతి చావుకూ వెళ్లి శవపేటిక మోసిన మనిషి, పోయినవాళ్లెవరో ఉన్నవాళ్లెవరో ఎలా మరచిపోతాడు? ఒలీటాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. డెల్మాస్ రాట్లిఫ్ ఆ వెస్ట్ వర్జీనియా కొండలకు చాలాకాలంగా శాసనసభ్యుడు. ఎవరింటికి వెళ్లినా రెండు చేతులతో చెయ్యి పట్టుకుని, పేరుపెట్టి పలకరించేవాడు. లేచేటప్పుడు పసిపిల్లకైనా వెళ్లొస్తానని చెప్పకుండా గడప దాటేవాడు కాదు.

ఎన్నికల ముందు ఆదివారం, చర్చి విందులో అందరితో చేతులు కలుపుతూ వచ్చి, ఒలీటా పక్కనున్న ఖాళీ కుర్చీ ముందు ఆగాడు. చెయ్యి చాచి, "ఏం అర్విల్, మోకాలి నొప్పి తగ్గిందా?" అన్నాడు. అర్విల్ ఆమె భర్త. వసంతంలో నిద్రలోనే, ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడు. ఆ మాట కోసమే ఆమె ఇంకా రాత్రిళ్లు చెవులు రిక్కించి పడుకుంటోంది. అతని పేటికను ముందువైపు మోసింది డెల్మాసే. "ఓట్లు చాలక శ్మశానం మీద పడ్డాడ్రోయ్!" అని ఎవరో అంటే బల్లంతా నవ్వింది. డెల్మాస్ మాత్రం కుర్చీ వైపు వంగి విని, తలాడించాడు. "చిక్కుడుగింజల్లో ఉప్పు మళ్లీ మరిచావంటున్నాడమ్మా, ఒలీటా." కాపురమంతా ఆమె విన్న మాట అది, నాలుగు గోడల మధ్యే. చెంచా చేతిలోనే ఆగిపోయింది. "ఇంకా... ఇంకేమంటున్నాడు?" అంది. డెల్మాస్ అప్పటికే తలుపు తీసి, ఒక మనిషి దాటేంతసేపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఎవరికీ వెళ్లొస్తానని చెప్పకుండా తానూ ఆ వెనకే వెళ్లిపోయాడు.