రోలీ లారీలో వెళ్ళిన పూలు

జెరాల్డ్‌టన్ రేవులో గ్వెండా పాస్కో కొట్టుకు వచ్చి గులాబీలు అడిగినవాళ్ళు ముందు చీవాట్లు తిని, తరవాత పూలు కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఊళ్ళోనే ఇచ్చుకునేటట్టయితే గులాబీలకు ఆమెకేమీ అభ్యంతరం లేదు. ఎడారి వైపున్న లోపలి ఊళ్ళకు, యాల్గూకో మౌంట్ మాగ్నెట్‌కో మీకథారాకో పంపాలంటే మాత్రం ససేమిరా అనేది. "ఆ ఎండలో అంత దూరం పోయాక పెట్టె తెరిస్తే గులాబీ ఉండదు నాయనా, ఉడికిన తోటకూర ఉంటుంది. మీ అమ్మకు పుట్టినరోజు నాడు తోటకూర పంపుతావా?" అని మొహం మీదే అడిగేది.

ఆ మాట ఊరికే అన్నది కాదు. కొట్టు పెట్టిన కొత్తలో మీకథారాలో ఒక పెళ్ళికి ఆరు డజన్ల గులాబీలు పంపింది. పెళ్ళికూతురు పెట్టె తెరిచి ఏడ్చిందని మర్నాడు తెలిసింది. గ్వెండా అంతకుముందు ఇరవై ఏళ్ళు రొయ్యల షెడ్డులో పనిచేసిన మనిషి. సముద్రపు పెద్ద రొయ్యల్ని తడి రంపపు పొట్టులో సర్ది, ప్రాణంతో పరదేశం పంపించిన చేతులవి. ప్రాణమున్న రొయ్యని అంత దూరం పంపగలిగినదాన్ని, నాలుగు పూలు పంపలేకపోవడమేమిటని ఆమెకు పౌరుషం వచ్చింది.

కొట్టు వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. ఆ ఏడు జనవరిలో, అంటే అక్కడి నడివేసవిలో, ఆ నేల మీద పుట్టిన పూలు ఎన్ని దొరికితే అన్ని తెచ్చి, గుత్తులు కట్టి, తలకిందులుగా ఆ షెడ్డులో వేలాడదీసింది. చుక్క నీళ్ళు లేవు. మధ్యాహ్నం గాలికి తలుపు ఊరికే కొట్టుకుంటుంటే ఒక ఇటుక అడ్డం పెట్టేది. మూడు పగళ్ళు గడిచాక నిలిచినవి లోపలి ఊళ్ళకు, నిలవనివి ఊళ్ళోవాళ్ళకు. నిలిచినవాటి పేర్లు ఒక అట్ట మీద రాసి గోడకు కొట్టింది. దీపపు సెమ్మెలా నిటారుగా నిలబడే పసుపు బ్యాంక్సియా. మైనంతో చేసినట్టుండే, ఊరి పేరే పెట్టుకున్న గులాబిరంగు చిన్న పూలు. కంగారూ పంజాలనే పూలు. బూడిదరంగు పొగపొద. కాగితంలా గలగలమనే తెల్ల చామంతులు. కాయలతో సహా జామాయిల్ కొమ్మలు. పందొమ్మిదేళ్ళు ఆ అట్టే ఆమెకు శాసనం. ఏటా జనవరిలో ఇంకోసారి పరీక్ష పెట్టేది, ఏటా అవే నెగ్గేవి.

సోమవారం, గురువారం పదకొండింటికి రోలీ బాసెట్ లారీ వెనక సందులో ఆగేది. ఆ లోపలి ఊళ్ళకు బంగాళాదుంపల దగ్గర్నుంచి టైర్ల దాకా మోసేది అతనే. భారీ మనిషి, లారీ మెట్టెక్కితే లారీ ఒక పక్కకు ఒరిగేది. మౌంట్ మాగ్నెట్‌లో అక్క దగ్గర ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని గ్వెండా అడిగితే, లారీలో సీటు లేదనేవాడు.

"ఏం పూలమ్మా, ఇవాళ చీపుర్లు కట్టావా?" అనేవాడు అట్టపెట్టెలు చూసి.

"నీ మొహం తుడవడానికి కట్టాను. జాగ్రత్తగా పెట్టు."

వెనకాల టైర్లకూ కూరగాయల బస్తాలకూ మధ్య ఆమె కళ్ళ ముందే పెట్టెలు సర్ది, పట్టా కప్పి, తాడు బిగించేవాడు. ఈ పూలకు జాగ్రత్త అక్కర్లేదు కదా, నువ్వే చెప్పావుగా, ఇంటికప్పు మీద పడేసినా బతుకుతాయని, అంటూ ఎగతాళి చేసేవాడు. ఆమె మొగుడు ఎక్కడో ఉత్తరాన బ్రూమ్ అనే ఊరు వెళ్ళిపోయి ఇంకోదానితో కాపురం పెట్టిన ఏడాది కూడా అదే ఎగతాళి, అదే పదకొండు గంటలు. ఆ ఏడు వారానికి రెండుసార్లు ఆమె ఎవరితోనైనా నవ్విందంటే అది రోలీతోనే.

నవంబర్ మొదటి సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి కొట్టులో ఫోన్ మోగింది. మాట్లాడుతున్నది రోలీ అక్క నెరీడా. మౌంట్ మాగ్నెట్‌లో పెట్రోలు బంకు, దాన్నానుకుని భోజన హోటలు ఆవిడవే. లోపలికెళ్ళే పూలపెట్టెలన్నీ అక్కడే దిగేవి. శుక్రవారం పదకొండింటికి ఒక అంత్యక్రియ ఉంది, శవపెట్టె మీదికి పూలు కావాలి, అని నెరీడా చాలా మెల్లగా చెప్పింది. గ్వెండా పుస్తకం లాక్కుని రోజు, ఊరు, వేళ రాసుకుంది. చీటీ మీద ఎవరి పేరు రాయాలని అడిగింది.

"రోలీ," అంది నెరీడా.

గ్వెండా రాసేసింది. రాస్తూనే నవ్వింది. రోలీ పంపిస్తున్నాడా, ఇంకో రెండు గంటల్లో ఇక్కడికే వస్తాడుగా, ఆ మాట వాడే చెప్పొచ్చుగా, అయినా ఎప్పుడూ పూలు కొనని మనిషి ఇంతకీ ఎవరికోసం కొంటున్నాడు, అని అడిగింది.



"గ్వెండా, పోయింది రోలీయే. నిన్న మధ్యాహ్నం. పెరట్లో టైరు మారుస్తూ కూర్చున్నాడు. లేవలేదు."

గ్వెండా చేతిలో కలం అలాగే ఉంది. చేసిన పని చెడినట్టు, రాసిన పేరు మీద గీత పెట్టింది. పెట్టాక చూసుకుని, కిందనే మళ్ళీ రాసింది. ఫోన్ ఎప్పుడు పెట్టేసిందో తెలియదు. పదకొండింటికి సందులో లారీ ఆగిన చప్పుడైతే బయటికి పరిగెత్తింది. మెట్టు దిగుతున్నది సన్నగా ఉన్న ఒక యాభై ఏళ్ళ మనిషి. పేరు వారిక్ అని, ఇక నుంచి ఈ దారి తనదని చెప్పాడు.

రోలీకి ఎలాంటి పూలు పంపాలో ఆమెకు ఆలోచన అక్కర్లేకపోయింది. గోడ మీద అట్ట ఉంది. పందొమ్మిదేళ్ళు వాడు మోసినవన్నీ ఒకే గుత్తిలో ఉండాలి, ఒక్కటీ వడలకుండా వాడి దగ్గరికి చేరాలి. వాడు చీపుర్లన్న పూలు వాడి పెట్టె మీద నిటారుగా నిలబడాలి. అంతే ఆమె కోరిక. బుధవారం నార్తాంప్టన్ అవతల పూలు కోసే చోటికి తనే వెళ్ళి, ప్రతి కాడనూ చేత్తో తడిమి ఎంచింది. గురువారం పొద్దున గుత్తి కట్టి, తడి కాగితాల్లో చుట్టి, పెట్టెలో పెట్టింది. వారిక్ ఎక్కడ పెట్టమంటారని అడిగాడు. వెనకాల, టైర్ల పక్కన, ఎప్పుడూ అక్కడేనని చూపించింది. అతను పట్టా కప్పి తాడు బిగించాడు.

శుక్రవారం తెల్లవారుతుండగా తన కారులో బయల్దేరింది. యాల్గూ దాటేసరికే స్టీరింగు చేతిని కాలుస్తోంది. తొమ్మిది దాటాక మౌంట్ మాగ్నెట్ చేరింది. ముందు రోజు సాయంత్రం దిగిన పెట్టెను నెరీడా చల్లటి గదిలో పెట్టింది కానీ తెరవలేదు. నువ్వొచ్చాక తెరుద్దామని ఆగానంది. ఆ మాట అంటున్నప్పుడు నెరీడా తన మొహంలోకి చూడలేదని గ్వెండాకు తరవాతెప్పుడో తట్టింది.

గ్వెండా పెట్టెను హోటలు బల్ల మీద పెట్టి తాడు కోసింది. కాగితాలు ఎండి బిరుసెక్కి ఉన్నాయి. విప్పగానే మైనం పూలు జలజలా రాలి బల్ల మీద నల్లటి పొడిలా పరుచుకున్నాయి. కంగారూ పంజాలు మెడలు విరిచినట్టు వాలిపోయాయి. పొగపొద పసుపు తిరిగి మురికి దూదిలా ఉంది. గ్వెండా కాగితం చివర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెట్టె తారుమారైందేమోనని మూత తిప్పి చూసింది. తన అక్షరాలే.

ఆ మూల కూర్చుని వారిక్ మాంసం కూరిన రొట్టె తింటున్నాడు.

"ఏం చేశావయ్యా వీటిని?"

"నేనేం చేశానమ్మా? మీరు చూపించిన చోటే పెట్టాను. మీరు చూస్తూనే ఉన్నారుగా."

"పందొమ్మిదేళ్ళలో ఒక్క కాడ వాడలేదు. ఒక్కటి."

వారిక్ చేతిలోది పళ్ళెంలో పెట్టేశాడు. నెరీడా వచ్చి గ్వెండా మోచెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది.

"అతన్నేమీ అనకు. అతను రోలీ కాదు, అంతే," అంది. ఆ తరవాత చెప్పింది.

జెరాల్డ్‌టన్ పొలిమేర దాటగానే రోలీ లారీ ఆపేవాడట. పట్టా విప్పి, పూలపెట్టెల్ని ముందుకు తెచ్చి, పక్క సీటులో పెట్టి బెల్టు కట్టేవాడట. లోపల చల్లదనం ఎంతకు పెరుగుతుందో అంతకు పెట్టేవాడట. ఆ చలికి తట్టుకోలేక ఉన్ని స్వెటరు వేసుకునేవాడు. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండలో స్వెటరుతో దిగుతుంటే ఊరంతా నవ్వేది. యాల్గూలో ఆగి కాగితాలు మళ్ళీ తడిపేవాడు. అప్పటికీ వాలిపోయినవి ఉంటే ఇక్కడ తీసేసేవాడు. అందుకోసం చల్లటి గదిలో ఒక బక్కెట్టు నిండా అవే రకాల పూలకాడలు నెరీడా ఎప్పుడూ ఉంచేది. లోటు పూడ్చి, ముడి మళ్ళీ గ్వెండా వేసినట్టే వేసేవాడు.

"ఆ ముడి నేర్చుకోడానికి వాడికి నెల పట్టింది," అంది నెరీడా.

గ్వెండా వింటోంది. పెరట్లో తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక్క బట్ట కదలటం లేదు. తన నుదుటి మీది వెంట్రుక కూడా కదలటం లేదు. పొయ్యి మూత తీసినప్పుడు మొహానికి తగిలేలాంటి వేడి, అదీ నిశ్చలంగా. తన షెడ్డు తలుపుకు అడ్డంపెట్టిన ఇటుక గుర్తొచ్చింది. రోజూ మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చి, రేకులు దడదడలాడించి, గుత్తులన్నిటికీ చెమ్మ పూసి పోయే గాలి. పుట్టినప్పట్నుంచీ అది వీస్తూనే ఉంది కాబట్టి అది ఉందని ఆమెకెన్నడూ తోచలేదు. లోపలి ఊళ్ళ ఎండకు నిలిచేవి ఏవో ఆమె సముద్రం ఒడ్డున కూర్చుని తేల్చింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నేను చెబుతానంటే వాడు ఒప్పుకోలేదు. అక్కా, ఈ చుట్టుపక్కల మన ఊళ్ళకు పూలు పంపేది ఆవిడొక్కతే, బతకవని తెలిస్తే మానేస్తుంది, అన్నాడు."

ఇంకెవరికి తెలుసని గ్వెండా అడిగింది. నెరీడా తీగ మీది బట్ట ఒకటి తీసి మడవసాగింది. అప్పుడు గ్వెండాకు నాలుగేళ్ళ కిందటి మధ్యాహ్నం కళ్ళ ముందుకొచ్చింది. ఇదే ఊళ్ళో మహిళా సంఘం వాళ్ళు పిలిస్తే వచ్చి, ఊరి హాల్లో గంటసేపు మాట్లాడింది. ఎండకు నిలిచే పూలు ఎలా ఎంచాలో, తన షెడ్డు పరీక్ష ఏమిటో వేలు చూపించి మరీ చెప్పింది. నలభై మంది ఆడవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నారు, చప్పట్లు కొట్టారు. ఒక్కరి మొహంలోనైనా నవ్వు కదిలిందా? ఎంత వెతికినా గుర్తు రాలేదు. వెనక గోడకు ఆనుకుని రోలీ కేకు తింటున్నాడు, ఎంతో శ్రద్ధగా.

"అందరికీనా?" అంది.

"అందరికీ," అంది నెరీడా.

ఇంకో గంటలో అంత్యక్రియ. నెరీడా బక్కెట్టు చూపించి, ఇందులోంచి తీసుకుని లోటు పూడ్చమంది. గ్వెండా తల అడ్డంగా ఊపింది. బల్ల దగ్గరికొచ్చి గుత్తి విప్పింది. చచ్చినవి ఒక పక్క, బతికినవి ఒక పక్క పెట్టడం మొదలెట్టింది.  ఎన్నిసార్లు వెతికినా బతికిన పక్కకు వచ్చినవి కొన్నే. రెండు బ్యాంక్సియాలు, కాయలున్న ఒక జామాయిల్ కొమ్మ, గుప్పెడు తెల్ల చామంతులు. వాటినే సన్న తాడుతో కట్టింది. పిల్లలు దారి పక్కన కోసుకొచ్చిన గుత్తిలా ఉంది.

హాలు నిండిపోయింది. అదే హాలు, అవే కుర్చీలు, చాలావరకు అవే మొహాలు. గ్వెండా నడుచుకుంటూ వెళ్ళి, అంత పెద్ద పెట్టె మీద ఆ చిన్న గుత్తి పెట్టింది. ఎవరూ గుసగుసలాడలేదు. ఆమె దానికి సిద్ధపడి వచ్చింది, అది జరగకపోయేసరికి ఎటు చూడాలో తెలియక పెట్టె అంచు పట్టుకుని నిలబడింది. నెరీడా వచ్చి కూర్చోబెట్టింది. పాదిరి ఏం చదివాడో ఆమెకు వినపడలేదు.

శ్మశానం నుంచి వచ్చాక అదే హాల్లో టీ ఇచ్చారు. లోయిస్ అనే ముసలామె ఒకరు, మహిళా సంఘంలో అప్పుడు ముందు వరసలో కూర్చున్నామె, కప్పు పట్టుకుని గ్వెండా పక్కన చేరింది. మీకథారాలో తన చెల్లెలికి ఈ నెలాఖరుకు డెబ్భై నిండుతాయట. ఏమైనా పంపాలనుందట.

"ఏ పూలు పంపుతావమ్మా?"

ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పడం గ్వెండాకు పందొమ్మిదేళ్ళ అలవాటు. నోరు తెరిచింది. అట్ట మీది పేర్లన్నీ నాలుక దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఏవి నిలుస్తాయో నాకు తెలీదు," అంది. 

లోయిస్ ఆశ్చర్యపోలేదు. టీ ఒక గుక్క తాగి, "మాకూ తెలీదు. వాడు మాకెప్పుడూ వాడిపోయినవి చూపించలేదుగా," అంది. "నువ్వు పంపు. ఏవి చచ్చాయో ఫోన్ చేసి చెబుతాం."

గ్వెండా సరేనని తలూపింది. చేతిలో టీ ఎప్పుడో చల్లారిపోయింది. ఆ కప్పు కింద పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు.