అల్ రాయ్‌లో మూడు చప్పుళ్లు

ఆగస్టులో ఒక ఉదయం ఎనిమిదీ పదికి కువైట్‌లోని అబ్బాసియాలో కంపెనీ బస్సెక్కాను. తొమ్మిదికి అల్ రాయ్‌లో దిగాను. అప్పటికే నలభై నాలుగు డిగ్రీలు. గాలిలో సన్నటి ఇసుక. ఎదురుగా మూడంతస్తుల షాపింగ్ మాల్. నేను కాపలా కాయవలసిన చోటు అదే.

అంతకు ముందు పదిహేడేళ్లు సైన్యంలో ఉన్నాను. హవల్దారుగా బయటికొచ్చాను. మంచు కొండల్లో రైఫిల్‌తో గస్తీ తిరిగినవాణ్ణి. ఇక్కడ ఇచ్చినవి తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, వాకీటాకీ, జానెడు టార్చి. ఆయుధం లేదు. సూపర్‌వైజర్ ఆదేశాలు: ఎవరినీ ముట్టుకోకూడదు. పరుగెత్తకూడదు. ఏం కనిపించినా ముందు కంట్రోల్ రూముకు చెప్పాలి.

మొదటి అంతస్తు నాది. ఎస్కలేటర్ నుంచి చివరి షాపు దాకా నూట అరవై అంగలు. కింద గేటు దగ్గర కడప మనిషి. కంట్రోల్ రూములో కెమెరాలు చూసేది కరీంనగర్ అతను. రెండు నెలలు ఏమీ జరగలేదు.

తర్వాత ఒక వీడియో వచ్చింది. ఎక్కడో వేరే దేశంలో, ఇలాంటి మాల్‌లోనే ఎవడో తుపాకీ పేల్చాడు. బస్సులో అందరి ఫోన్లలోనూ అదే. కువైట్‌లో ఏమీ కాలేదు. అయినా మనుషులు మారారు. ఫుడ్ కోర్టులో గోడవారనున్న బల్లలు ముందు నిండేవి. పొడుగు సంచీతో ఎవరైనా వస్తే పది తలలు అటు తిరిగేవి. బెలూన్ పగిలితే తల్లులు పిల్లల్ని దగ్గరకు లాక్కునేవారు. నేనూ అంతే. వచ్చేవాళ్ల ముఖాలకంటే ముందు చేతులు చూసేవాణ్ణి.

"ఏందన్నా, అందర్నీ దొంగల్ని జూసినట్ల జూస్తాండావు?" అన్నాడు గేటు మనిషి.

"నువ్వు చూడట్లేదా?"

"జూస్తాండా. అందుకే అన్నం గూడా సయించల్యా."

ఒక శుక్రవారం సాయంత్రం నాలుగూ ఇరవై. అంతస్తు కిటకిటలాడుతోంది. లోపలి మూల నుంచి ఒక పెద్ద చప్పుడు. వెంటనే మరో రెండు. ఎవరో ఆడమనిషి కేక పెట్టింది. జనమంతా ఎస్కలేటర్ మీదికి వచ్చి పడ్డారు. తాము ఎక్కి వచ్చిన దారి తప్ప వాళ్లకు మరొకటి తెలియదు. ఇరవై అంగల్లో అత్యవసర మెట్లున్నాయి. అటు ఒక్కరూ చూడలేదు.

వాకీటాకీ నొక్కాను. "గేటూ, పక్క తలుపులు రెండూ తెరువు. మెట్ల మీంచి జనాన్ని పంపుతున్నాను."

"తెరిస్తి. పంపన్నా!"

మెట్ల తలుపు బార్లా తీసి, వచ్చి ఎస్కలేటర్‌కు అడ్డంగా నిలబడ్డాను. పదండి, ఇటు అని అరబీలో, హిందీలో చేతులు చాచి అరిచాను. "యల్లా, యల్లా! ఇధర్!" ఆ రోజు మనుషుల్ని ముట్టుకున్నాను. భుజాలు పట్టి తిప్పాను. పడిపోయిన ఒక పెద్దాయన్ని లేపి గోడకు ఆనించాను. ఎవరి మోచెయ్యో పక్కటెముకల్లో దిగింది. నేను కదల్లేదు. మొదట పదిమంది తిరిగారు. మిగిలినవాళ్లు వాళ్ల వెనకే వెళ్లారు.

కంట్రోల్ రూము పలికింది. "అన్నా, ఆ మూల కెమెరాల ఏం కనవడ్తలేదు. పోలీసులకు ఫోన్ చేసిన. నువ్వు ఆడ్నే ఉండు."

లోపల ఇంకా ఎందరున్నారో తెలియదు. ఉండలేకపోయాను. చప్పుడు వచ్చిన వైపు నడిచాను. సైన్యంలో అలా నడిచినప్పుడు వెనక మనవాళ్లు ఉండేవారు. ఇక్కడ నా బూట్ల చప్పుడొక్కటే. ఒక్కో స్తంభం చాటున ఆగుతూ వెళ్లాను.

ఆ మూల ప్లైవుడ్ అడ్డం పెట్టి ఒక షాపు బాగుచేస్తున్నారు. తలుపు తోశాను. నేలమీద మూడు పెద్ద ఇనుప రేకులు. వాటి మధ్య రంగులు వేసే మనిషి, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"షీట్ గిర్ గయా సాబ్. షీట్ గిర్ గయా."

గోడకు చేరవేసిన రేకులు జారి పడ్డాయి. అంతే. ఎత్తిన చేతులు ఆయన తనంతట తాను దించలేకపోయాడు. నేనే పట్టుకుని దించాను.

ఎవరి ప్రాణమూ పోలేదు. ఒకావిడకు చీలమండ బెణికింది, పెద్దాయనకు మోకాలు చెక్కుకుపోయింది. మర్నాడు సూపర్‌వైజర్‌ని అడిగాను, రోజూ పొద్దున పావుగంట షాపులవాళ్లను, ఊడ్చేవాళ్లను ఆ మెట్ల మీద నడిపిస్తానని.

"ఉన్నవాళ్లను భయపెడతావా?" అన్నాడు.

"భయం ఎలాగూ ఉంది సార్. దారి కూడా తెలిస్తే మంచిది."

ఒప్పుకోలేదు. నా డ్యూటీకి ముందు, నా సమయంలోనే మొదలుపెట్టాను. తొలిరోజు ఇద్దరు వచ్చారు. నెల తిరిగేసరికి అంతస్తంతా వచ్చింది. సూపర్‌వైజర్ కూడా ఒకరోజు చివర నిలబడి మెట్లు దిగాడు. నేను ఉన్న రెండేళ్లూ అది ఆగలేదు.

ఒప్పందం ముగిసింది. గోదావరి పక్క మా రాజోలు వచ్చేశాను. ఇక్కడ పెళ్లికి వెళ్లినా ముందు తలుపులెన్నో చూస్తాను, తర్వాతే కూర్చుంటాను. "మనం భోజనానికొచ్చామండి, డ్యూటీకి కాదు," అంటుంది నా భార్య. నవ్వుతాను. కుర్చీ మాత్రం మార్చను.

తుపాకీ గురించి ఎవరు మాట్లాడినా నాకు కనిపించేది ఒక్కటే. ఆ శుక్రవారం, రేకులు చూశాక, ఎవరైనా మిగిలారేమోనని షాపులు వెతికాను. బట్టల షాపులో, కౌంటరు వెనక ఒకామె నేలమీద బోర్లా పడుకుని ఉంది. కువైటీల ఇంట్లో పనిచేసే మనిషి. ఆమె కింద యజమాని నాలుగేళ్ల బిడ్డ. బిడ్డ చెవులు రెండూ ఆమె అరచేతుల్లో ఉన్నాయి. ఆటేమో అనుకుని ఆ పిల్ల కిలకిలా నవ్వుతోంది.

ఆమె తెలుగులో గొణుక్కుంటూ దేవుణ్ణి వేడుకుంటోంది. నేనూ తెలుగులోనే చెప్పాను. "అయిపోయిందమ్మా. తుపాకీ కాదు, రేకులు పడ్డాయి. లే."

తలెత్తింది. మా గోదావరి యాసే. "మీరు కళ్లారా చూశారాండీ?"

"చూశాను."

ఆమె లేవలేదు. "ఇంకొక్కసారి చూసొచ్చి చెప్పండి. మామా పిల్లండి ఇది." అక్కడ ఇంటి యజమానురాల్ని మామా అంటారు.

వెళ్లాను. నూట అరవై అంగలూ మళ్లీ నడిచి, ప్రతి తలుపూ తోసి చూసి వచ్చాను. అప్పుడు ఆ చెవుల మీంచి చేతులు తీసింది.