మార్త టీచరు, బృహస్పతి చంద్రులు

హనుమాన్ జంక్షన్‌కి కాస్త దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో మార్త ఇరవై రెండేళ్ళుగా సైన్సు చెబుతోంది. ఇల్లు విజయవాడ భవానీపురంలో. పొద్దున రెండు బస్సులు, ఒక ఆటో. సాయంత్రం మళ్ళీ అంతే. అయినా సెలవు పెట్టడం తక్కువ. ఆమె పాఠం చెబితే పిల్లలు పరీక్ష తప్పరని ఆ ఊళ్ళో పేరు. అలాంటి మనిషి ఫిబ్రవరి మొదటి వారంలో, ఎనిమిదో తరగతి పిల్లల ముందు, ఒక్క మాట అబద్ధమాడింది.

ఆ రోజు సౌరకుటుంబం పాఠం. బృహస్పతికి చాలా ఉపగ్రహాలున్నా వాటిలో నాలుగే పెద్దవని చెప్పి, అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో అని బోర్డు మీద రాసింది. నాలుగు వందల ఏళ్ళ కిందట చిన్న దూరదర్శినితోనే వీటిని కనిపెట్టారని చెప్పింది. మూడో బెంచీలోంచి శ్రీదుర్గ అనే పిల్ల లేచింది.

"మీరు చూశారా టీచర్?"

"చూశాను," అంది మార్త. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. లేదని చెప్పడానికి ఏ అడ్డూ లేదు.

"ఎలా ఉంటాయండీ?"

"చుక్కల్లా. వరసగా."

"మాకూ చూపించండి టీచర్."

"చూద్దాంలే," అంటుండగా గంట కొట్టారు.

బస్సులో కూర్చున్నాక మొదలైంది బాధ. చిన్న మాటే, ఎవరికీ నష్టం లేదు అని సర్దిచెప్పుకుంది. గన్నవరం దాటేలోపు ఆ సర్దుబాటు కరిగిపోయింది. ఇంటికెళ్ళి పులుసులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుంటే శ్రీదుర్గ మొహమే కనపడింది. పాట మధ్యలో లేచి బయటికొచ్చి, చెప్పులు విడిచిన చోట కాసేపు నిలబడింది.

శ్రీదుర్గ మాత్రం మర్చిపోలేదు. ఎదురైనప్పుడల్లా అడిగేది. "ఇవాళ మబ్బు లేదు టీచర్, ఇవాళ కనపడతాయా?" గురువారమైతే మార్త స్టాఫ్ రూముకి ఎనిమిదో తరగతి వరండా మీదుగా కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. పదమూడేళ్ళ పిల్లకి మొహం చాటేసి తిరుగుతున్నానని తెలిసి తన మీద తనకే సిగ్గేసింది.

ఆ సాయంత్రం భర్తకి చెప్పేసింది. జాన్సన్ ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. మొత్తం విని, "దీనికేనా వారం నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు?" అన్నాడు.

"మీకు చిన్నగా కనపడుతోందేమో."

"చిన్నదేం కాదులే. వాటిని చూడాలంటే ఏం కావాలి?"

"మంచి బైనాక్యులర్ ఉన్నా చాలంటండి."

మర్నాడు జాన్సన్ షెడ్డుకి లారీ తెచ్చిన ఒక మాజీ సైనికుణ్ణి అడిగి, బరువైన పాత బైనాక్యులర్ తెచ్చాడు. ఏడు గంటలకి ఇద్దరూ డాబా ఎక్కారు. తూర్పున నడినెత్తికి సగం దూరంలో బృహస్పతి ధగధగలాడుతోంది. మార్త కళ్ళకి పెట్టుకుంది. ఆ వెలుగు పురుగులా ఎగిరింది. చెయ్యి బిగబట్టినా, మోచేతులు పిట్టగోడకి ఆనించినా అంతే. పావుగంట ప్రయత్నించి కిందికి దించేసింది.

"నా వల్ల కాదండీ."

"ఉండు. రేపు చూద్దాం."

శనివారం జాన్సన్ ఇనప కడ్డీతో మూడు కాళ్ళ స్టాండు చేసుకొచ్చి, దానికి సైలెన్సర్ క్లాంపుతో బైనాక్యులర్ బిగించాడు. ఈసారి బొమ్మ కదల్లేదు. మధ్యలో చిన్న గుండ్రటి వెలుగు. దాని పక్కన, గీత గీసినట్టు, సూదిమొన లాంటి చుక్కలు. ఒకటి, రెండు, మూడు.

మార్త ఊపిరి తీసుకుంది. మళ్ళీ లెక్కపెట్టింది. మూడే. కళ్ళజోడు తుడుచుకుని చూసింది. జాన్సన్‌ని చూడమంది. "మూడే," అన్నాడాయన. నాలుగోది ఏమైంది? అద్దం పాడైందా, తన చూపు తగ్గిందా? వచ్చిన సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. కనపడింది కనపడినట్టే నోటుబుక్కులో చుక్కలు పెట్టుకుని కిందికి దిగింది.

ఆదివారం సాయంత్రం రెండే ఉన్నాయి. నిన్న ఎడమ వైపున్న చుక్క ఇవాళ అక్కడ లేదు. కుడి వైపు, నిన్న ఖాళీగా ఉన్న చోట ఇంకొకటుంది. మార్త నోటుబుక్కు వంక, ఆకాశం వంక మార్చి మార్చి చూసింది. అయో రెండు రోజులైనా పట్టకుండా బృహస్పతిని చుట్టి వస్తుంది. ఆ సంగతి ఆమె ఎన్ని తరగతులకి చెప్పిందో. ముందుకొస్తే ఆ వెలుగులో కలిసిపోతుంది, వెనక్కి పోతే కనపడదు. చెప్పినన్నాళ్ళూ బోర్డు మీద నాలుగు సున్నాలు చుట్టి, వాటిని అక్కడే నిలబెట్టిందిగానీ, అవి కదులుతాయని మనసుకి తట్టనే లేదు.

సోమవారం మబ్బు. మంగళవారం నాలుగూ ఉన్నాయి. మార్త భర్తని పిలవలేదు. మెడ నొప్పెట్టేదాకా చూస్తూ ఉండిపోయింది.

"ఇప్పుడు చూశావుగా, ఇంకేంటి?" అన్నాడు జాన్సన్ భోజనాల దగ్గర.

"ఆ పిల్ల అడిగిన రోజుకి చూడలేదుగా."

"ఎవరికి తెలుసు?"

మార్త కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చుంది. రెండు రోజులు ఊగిసలాడింది. చెబితే పిల్లల ముందు ఇరవై రెండేళ్ళ పేరు ఏమవుతుందోనని ఒక భయం. చెప్పకుండా ఉంటే ఆ వరండాలో నడవడం ఎలాగని ఇంకొకటి.

శుక్రవారం మొదటి పీరియడ్‌లో హాజరు వేసి, పుస్తకం మూసింది. "ఆ రోజు శ్రీదుర్గ అడిగితే చూశానని చెప్పాను. అప్పటికి చూడలేదు. అబద్ధం చెప్పాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. శ్రీదుర్గ మెల్లగా లేచింది.

"మరి ఇప్పుడు చూశారా టీచర్?"

"చూశాను."

ఆ పిల్ల వెంటనే కూర్చోలేదు. "నిజంగానేనా?"

ఆ మాట మార్తకి సూటిగా తగిలింది. కానీ అడగడం ఆ పిల్ల తప్పు కాదు. నోటుబుక్కు తీసుకెళ్ళి శ్రీదుర్గ బెంచీ మీద తెరిచి పెట్టింది. తేదీలు, చుక్కలు, మబ్బు పట్టిన రోజు ఖాళీ పేజీ. పక్క పిల్లలు వంగి చూశారు. "అందులో ఉందని నమ్మక్కర్లేదు. రేపు సాయంత్రం మీరే చూడండి," అంది.

హెడ్మాస్టరు వెంకటకృష్ణారావు గారు, పెద్దవాళ్ళు తోడొస్తేనే అనే షరతు మీద ఒప్పుకున్నారు. శనివారం సాయంత్రం జాన్సన్ స్టాండుని బస్సు మీదే తీసుకొచ్చాడు. పిల్లలతో పాటు తల్లులు, చేల మీంచి అలాగే వచ్చిన తండ్రులు గ్రౌండులో వరసకట్టారు. హెడ్మాస్టరు గారు కూడా పంచె సర్దుకుని వంగి చూసి, మళ్ళీ వరస చివరికెళ్ళి నిలబడ్డారు. శ్రీదుర్గ తన వంతొచ్చినప్పుడు చాలాసేపు చూసింది. తర్వాత మార్త దగ్గరికొచ్చి నోటుబుక్కు అడిగి తీసుకుని, ఆ రోజు చుక్కలు తనే పెట్టింది.

తిరుగు బస్సులో జాన్సన్ నిద్రపోయాడు. మార్తకి నిద్ర రాలేదు. సంచిలోంచి పాఠ్యపుస్తకం తీసి, తను చెప్పడమే తప్ప ఎన్నడూ చూడని వాటి పక్కన పెన్సిలుతో గీత పెడుతూ పోయింది. రామవరప్పాడు వచ్చేసరికి సగం పుస్తకం కూడా కాలేదు. గీతలు మాత్రం పాతిక దాటాయి.

సోమవారం ప్రార్థన కాకముందే హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడి, ల్యాబు బీరువా తాళంచెవి ఎక్కడుందని అడిగింది.

"ఇప్పుడు దేనికమ్మా?" అన్నారాయన సొరుగు లాగుతూ.

"అందులో ప్రిజం ఉండాలండీ. నేను చేరినప్పటి నుంచీ బయటికి తీయలేదు."