మావయ్య పంపిన తేయాకు

మొన్న పలాస బజారులో కొట్టువాడు తేయాకు డబ్బా మూత తీయగానే ఆ వాసనకు మావయ్య గుర్తొచ్చాడు.

అమ్మ తమ్ముడాయన, అస్సాంలో జవాను. ఒకసారి స్నేహితుడి చేత అక్కడి తేయాకు పంపాడు. ఇంట్లోని ఎండుచేపల వాసన పట్టకుండా అమ్మ దాన్ని స్టీలు డబ్బాలో పోసి, మూతకు గుడ్డ బిగించి, అటక మీద పెట్టింది.

"మా తమ్ముడొచ్చినాకే తాగుదుం," అనేది.

సెలవుకు వచ్చిన మావయ్య ముఖం కాస్త ఉబ్బి ఉంది. అమ్మ గ్లాసు నిండా టీ ఇస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేశాడు.

"ఆకు పాతబడిపోనాదక్కా. వాసన నేదు."

"నానే సరిగ్గా దాయనేదు," అంటూ అమ్మ చిన్నబోయి, డబ్బా మొత్తం కొబ్బరిచెట్టు మొదట్లో కుమ్మరించింది. పక్కనే ఉన్న నాకు కమ్మటి వాసన తగిలింది. మావయ్యకు జలుబేమో అనుకున్నాను.

మావయ్య కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నాయనీ, డాక్టరు నీళ్లు కూడా కొలిచి తాగమన్నాడనీ ఆయన పోయాకే మాకు తెలిసింది. ఆకు బాగానే ఉందని ఆ రోజు నేను ఒక్క మాట అని ఉంటే, అమ్మ తమ్ముణ్ణి నిలదీసేదేమో.