నర్సయ్య మామ పట్టుకున్న తప్పు

ఆరేళ్లుగా ఎవరైనా నా పనిని మెచ్చుకుంటే తల దించుకుంటున్నాను. వినయం అనుకుంటారు. కాదు. ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను.

మగ్గాల ఊరు భివండిలో, కామత్‌ఘర్ పేటలో మా పక్కింట్లో నర్సయ్య మామ ఉంటాడు. చుట్టం కాదు, పిలుపు అంతే. నలభై ఏళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసిన మనిషి. కాలేజీ అయిపోయి ఉద్యోగం దొరకని రోజుల్లో నేను తెలుగులో రాసుకోవడానికి కంప్యూటర్లో ఒక చిన్న ఎడిటర్ తయారుచేశాను. దాన్ని మొదట వాడింది ఆయనే. కొడుకు పాత లాప్‌టాప్‌లో, సాంచాకు ఏ జబ్బు చేస్తే ఏం చేయాలో రెండు వేళ్లతో టైపు చేసుకునేవాడు.

ఒకసారి ఆయన ఫైల్ తెరవగానే ఎడిటర్ మూతపడటం మొదలైంది. వారం రోజులు కోడ్ అంతా తిరగేశాను. దొరకలేదు. ఆయన ఊరుకోలేదు. సాంచా ఆగితే అన్నీ ఒకేసారి విప్పకూడదు, ఒక్కటి మార్చి, మిగతావి అలాగే ఉంచి నడిపి చూడాలి. అది ఆయన పద్ధతి. అదే ఫైల్‌ను రకరకాల పేర్ల ఫోల్డర్లలో పెట్టి చూశాడట. ఆదివారం మా ఇంటికొచ్చాడు.

"బిడ్డా, ఫోల్డర్‌కు ఇంగ్లీషుల ఎంత పొడుగు పేరు పెట్టినా తెరుచుకుంటున్నది. తెలుగుల చిన్న పేరైనా మంచిగనే ఉన్నది. తెలుగుల పొడుగు పేరు పెడ్తెనే బందయితున్నది. గట్లెందుకు?"

వింటూనే అర్థమైంది. ఫోల్డర్ పేరుతో కలిపి ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామాకు నేను కోడ్‌లో అక్షరానికి ఒక గడి చొప్పున చోటిచ్చాను. తెలుగు అక్షరానికి మూడు గడులు కావాలి. చోటు చాలక కూలిపోతోంది. తెలుగు కోసం చేసిన దాంట్లో తెలుగునే మరిచిపోయాను. సిగ్గేసింది. ఆ సిగ్గులో నోరు జారింది.

"అదేం లేదు మామా. నువ్వే ఏదో తప్పు నొక్కినవ్."

ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. "అట్లనా బిడ్డా? ముసలి చేతులాయె. నేనే ఖరాబు చేసిన్నా?"

అప్పుడైనా కాదు అనొచ్చు కదా? అనలేదు. మర్నాడు సరిచేసి ఇచ్చాను. దండం పెట్టినంత పని చేశాడు. కానీ మళ్లీ పాడుచేస్తానేమోనన్న భయంతో ఆ లాప్‌టాప్ ముట్టలేదు. ఆయన రాత సగంలోనే ఆగిపోయింది.

నాకేమో ఉద్యోగం వచ్చింది. కష్టమైన లోపాన్ని ఎప్పుడైనా పట్టుకున్నావా అని ఇంటర్వ్యూలో అడిగితే, ఒక్కో పేరూ మార్చి చూసిన ఆ కథే చెప్పాను. 'ఆయన' అనాల్సిన చోటల్లా 'నేను' అన్నాను.

ఇప్పటికీ ఏ లోపం ఎదురైనా ఆయన పద్ధతిలోనే వెతుకుతాను. ఏ కాలేజీ నాకది నేర్పలేదు. మా ఇంటి అన్నంలో ఆయన ఓపిక ఉంది. సాయంత్రం వరాలా తలావ్ చెరువు దగ్గర కనిపిస్తే పక్కవాళ్లతో "మా బిడ్డ, పెద్ద ఇంజినీరు" అంటాడు. ఇలాంటి మనిషి పక్కింట్లో ఉండటం ఎంత అదృష్టమో తలచుకుంటే కళ్లు నిండుతాయి. అంతటి మనిషికి నేనిచ్చింది ఏమిటి? తన చేతుల మీద తనకే అనుమానం.

ఆయనకింకా చెప్పలేదు. చెబితే ఏమంటాడో తెలియదు. ఇవాళ నాకు చేతనైంది ఇంతే. లోపం నాది. దాన్ని పట్టుకున్నది నర్సయ్య మామ. ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.