ఎర్రగీతలు తోమేసిన రోజు

"ఎవలు తోమమన్నరు అత్తమ్మా నిన్ను? కుక్కర్ పిడి మీద గీత ఏది?"

"మసి అనుకున్న. ఎల్లుండి వాని యాడాది మాసికం పెట్టుకొని బోళ్లు గిట్లనే ఉంచుతమా?"

"మసి ఎర్రగుంటదా? కండ్లు కనవడ్తలేవా?"

"మంచిగనే కనవడ్తున్నయ్. గంత రంగు కోసం ఇంత లొల్లి జేస్తవా? పోయినోడు గీతలల్ల ఉంటడా?"

"ఉన్నడు. ఆనాడు ఛాతీల నొస్తుందంటే గ్యాసే అని వాము నీళ్లు తాపినవు. గిప్పుడు గీతలు గూడ తుడిచినవు."

ఏడాదిగా కోడలి నోట రాని మాట ఆ రోజు వచ్చింది. నేను చేతిలో పీచు కింద పెట్టలేదు. "నీ మొగన్ని నువ్వు తీస్కపోవద్దా దవాఖానకు? నీకు కాళ్లు లేకుండెనా?" అన్నాను. అనకూడదని తెలిసే అన్నాను.

నా కొడుకు హైదరాబాద్‌లో రాకెట్లు తయారుచేసే చోట ఇంజినీరుగా ఉండేవాడు. మూడో తరగతితో బడి మానినదాన్ని, వాడి పనిలో నాకు అర్థమైంది ఒక్కటే. అక్కడ మర బిగించాక దాని తల మీది నుంచి పక్క రేకు మీదికి ఒక రంగు గీత గీస్తారట. గీత కలిసి ఉంటే మర కదలనట్టు. తెగి పక్కకు జరిగితే వదులైనట్టు. "పైకి పోయినంక బిగించనీకి ఎవలు పోతరమ్మా?" అనేవాడు.

ఇంట్లోనూ అదే పిచ్చి. ప్రతి శనివారం ఇంటికి వస్తూ, రైలు ఘన్‌పూర్ దాటగానే ఫోన్ చేసేవాడు, "అమ్మా, బియ్యం కడుగు" అని. తిన్నాక స్క్రూడ్రైవరూ, పెళ్లాం గోళ్ల రంగూ పట్టుకొని కూర్చునేవాడు. కుక్కర్ పిడి, ఫ్యాన్, తన బిడ్డ సైకిలు, నా మంచం బోల్టులు, గ్యాస్ పైపు క్లిప్పు, దేన్నీ వదల్లేదు.

"గోళ్లకు పెట్టేది ఇనుముకు పూస్తార్రా? సీస ఒడగొడ్తున్నవు" అని తిట్టేదాన్ని.

"జర ఆగే అమ్మా. మంచం కూలితే మళ్ల నన్నే తిడ్తవు."

కోడలు మురిసిపోయేది. నాకు మాత్రం సీసాలో తగ్గే రంగే కనిపించేది.

ఆ ఆదివారం కూడా సీసా చేతిలో ఉండగానే ఛాతీ రుద్దుకున్నాడు. దవాఖానకు పోతే లేని రోగాలు అంటగడతారని నేనే ఆపాను. వాము నీళ్లు తాగాడు, బిడ్డ సైకిలుకు గీత పెట్టడం పూర్తిచేశాడు, పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. ఇంట్లో ప్రతి మరనూ చూసినవాడు తన ఒళ్లు చూసుకోలేదని వాడి మీదా కోపమే నాకు. ఇప్పటికీ పోలేదు.

మసి అనుకున్నానన్నది అబద్ధం. కుక్కర్ పట్టుకున్నప్పుడల్లా నా చేత్తో ఇచ్చిన ఆ వాము నీళ్ల గ్లాసే గుర్తొచ్చేది. మాసికం సాకు దొరికింది. వంటింట్లో గీతలన్నీ ఇనుప పీచుతో గీకేశాను.



తెల్లవారి టీ పెట్టబోతూ సిలిండర్ దగ్గర వంగాను. గోడవైపు ఉండి, నా పీచు అందక అక్కడ మిగిలిన గీత ఒక్కటే, పైపు క్లిప్పు మీద. అది తెగి ఉంది. మర మీద సగం ఒక పక్క, రేకు మీద సగం ఇంకో పక్క. సిలిండర్ కట్టేసి కోడలిని పిలిచాను. వచ్చి చూసింది. వాడి స్క్రూడ్రైవర్ తెచ్చి, రెండు సగాలూ కలిసేదాకా తిప్పింది. పొయ్యి వెలిగించి టీ పెట్టింది. ఒక్క గ్లాసే పోసుకొని ముందరి అర్రలోకి పోయింది.