తెడ్లాట చూడ్డానికి వచ్చిన జనం

నా చిన్నప్పుడు మేం ఒమాన్‌లో ఖబూరా అనే సముద్రపు ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న మంచినీళ్ళ పైపులు వేసే కంపెనీలో లెక్కలు చూసేవారు. ఒకవైపు జాలర్ల ఇళ్ళు, ఇంకోవైపు నిమ్మతోటలూ ఖర్జూరాలూ, మధ్యలో మా కంపెనీ క్వార్టర్లు. కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మకి ఆ ఊళ్ళో సముద్రం ఒక్కటే తెలిసిన ముఖం. అది కూడా తప్పు దిక్కున ఉన్నట్టు అనిపిస్తుందని అంటూ ఉండేది.

మా పక్కింట్లో ఐర్లండ్ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఉండేవారు. నేను అంకుల్ అనేదాన్ని. అమ్మ మొదట్లో దొరగారు అనేది. ఆ మాటకి అర్థం ఏమిటని ఆయన నాన్నని అడిగి తెలుసుకుని, తమ దేశాన్ని కూడా ఆ దొరలే ఏలారనీ, దయచేసి తనని అలా పిలవద్దనీ చెప్పారట. అది విని అమ్మ, "అయితే మనలాంటి వాళ్ళే పాపం," అంది. ఆ రోజు నుంచి ఆయన అమ్మకి కూడా పక్కింటి అంకులే అయ్యారు.

ఆయనకి ఒక పిచ్చి ఉండేది. వాళ్ళ దేశంలో అనాదిగా ఆడే ఆట ఒకటుంది, హర్లింగ్ అంటారు. కొన వెడల్పుగా ఉన్న కర్రతో చిన్న తోలుబంతిని గాల్లోనే కొట్టుకుంటూ పరిగెత్తుతారు. ఆ కర్ర అచ్చం మా అటకమీది తెడ్డులా ఉండేది కాబట్టి అమ్మ దానికి తెడ్లాట అని పేరు పెట్టేసింది. కంపెనీలో పనిచేసే ఐర్లండ్ కుర్రాళ్ళు చాలామందే ఉండేవారు. శుక్రవారం ఎండ తగ్గాక సముద్రం పక్కనున్న గట్టి ఇసుకనేల మీద గుంజలు పాతుకుని ఆడేవారు. చూసే నాథుడు ఉండేవాడు కాదు. దారిన పోయే మేకలు కాసేపు నిలబడి, అవి కూడా విసుగెత్తి వెళ్ళిపోయేవి.

ఇలా ఉండగా అంకుల్ వాళ్ళ నాన్నగారు వస్తున్నారని తెలిసింది. ఆ పెద్దాయన జీవితమంతా వాళ్ళ ఊరి ఆటస్థలానికే పెట్టారట. గడ్డి కోయడం, గీతలు గీయడం, గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళని పేరుపేరునా పలకరించడం ఆయన పని. ఇప్పుడు ఆ ఊళ్ళో పనుల్లేక కుర్రాళ్ళందరూ దేశాలు పట్టిపోయారు. జట్టుకి సరిపడా మనుషుల్లేక ఆట ఆగిపోయింది. దాంతోపాటే పెద్దాయనా కుంగిపోయారు. గుండెజబ్బు ముదిరింది, డాక్టర్లు ఇంకెంతో కాలం లేదన్నారు. మన ఆట చచ్చిపోలేదు నాన్నా, కుర్రాళ్ళతో పాటు ఇక్కడికి వచ్చింది, జనం కూడా చూస్తున్నారు అని ఆయనకి ఒక్కసారి చూపించాలన్నది కొడుకు ఆశ. ఈ సంగతంతా నాన్న అన్నాలు తినేటప్పుడు చెబితే, అమ్మ కలిపిన ముద్ద పట్టుకుని అలాగే వింటూ కూర్చుంది.

జనాన్ని తెప్పించడానికి అంకుల్ చేయని ప్రయత్నం లేదు. ఇంగ్లీషులో, అరబ్బీలో కాగితాలు అచ్చువేయించి దుకాణాలన్నిటి మీదా అంటించారు. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఆరెంజ్ సీసాలు, మలయాళీ టీకొట్టు సమోసాలు ఉచితం అన్నారు. ఇంకేముంది, ఆ శుక్రవారం పికప్ బళ్ళ మీద బళ్ళు వచ్చాయి. పెద్దాయన అంత వేడిలోనూ కోటూ టోపీ వేసుకుని, మడతకుర్చీలో నిటారుగా కూర్చున్నారు. అంకుల్ ముఖం వెలిగిపోయింది. సీసాలు ఉన్నంతసేపూ జనం ఉన్నారు. అవి అయిపోగానే, ఆట ఇంకా సగంలో ఉండగానే, ఒక్కో బండీ స్టార్టయింది. ఊరక పెట్టిన సంతర్పణకి వచ్చినవాళ్ళు విస్తరి ఎత్తాక ఎందుకుంటారు? పెద్దాయన ఆట వైపు చూడలేదు. వెళ్ళిపోతున్న వాళ్ళ వీపులనే చూస్తూ కూర్చున్నారు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చూస్తే పెద్దాయన. పక్కన పీచులాంటి ఎర్రజుట్టు, చేటల్లాంటి చెవులు ఉన్న కుర్రాడు. శుక్రవారాలు ఆడేవాళ్ళలో ఒకడు. ఆ రోజు డ్యూటీ లేదట. పెద్దాయన నవ్వారు, లోపలికి వచ్చి కూర్చున్నారు. అంతే. ఆట ఊసు లేదు, మాటే లేదు. ఆయనకి మన భాష రాదు, అమ్మకి ఆయన భాష రాదు. ఇంటికి వచ్చిన మనిషిని, అందులోనూ భోజనాల వేళ, ఊరికే పంపడం అమ్మకి చేతకాదు. పీటలు వాల్చింది. పప్పు, వంకాయకూర, ఆవకాయ. కుర్రాడు ఆవకాయ ముక్క మొత్తం నోట్లో పెట్టుకుని ముఖం ఎర్రగా చేసుకుని, కళ్ళలో నీళ్ళు ధారగా కారుతుంటే, మళ్ళీ వేయమని కంచం చాచాడు. అక్కడితో అమ్మ పడిపోయింది. భోజనానికి ఇంటికి వచ్చిన నాన్నని మధ్యలో పెట్టుకుని, మీ అమ్మ ఉందా, ఏం చేస్తుంది, ఆఖరివాడివా అని ప్రశ్నలన్నీ అడిగింది. ఆఖరివాడే. వాళ్ళమ్మ ఆవుల్ని చూసుకుంటుంది. ఇంటికి వెళ్ళి రెండేళ్ళు దాటింది.

లేచేటప్పుడు పెద్దాయన ఒక్కమాట చెప్పారు, నాన్న దాన్ని అమ్మకి చెప్పారు. శుక్రవారం ఈ అబ్బాయి ఆడతాడు. రమ్మనలేదు. చెప్పి వెళ్ళిపోయారు.

ఆ వారమంతా ఆయన అలా తిరుగుతూనే ఉన్నారు. ఒక్కో ఇంటికి ఒక్కో కుర్రాడు. వెనకింటి ఒమానీ ముసలమ్మ దగ్గరికి ఒకణ్ణి, జాలరిపెద్ద ఇంటికి ఒకణ్ణి, నిమ్మతోట వాళ్ళింటికి ఒకణ్ణి, ఆఖరికి మలయాళీ టీకొట్టాయన దగ్గరికి కూడా. ఆ ఊరివాళ్ళ సంగతి తెలిసిందే. గడప తొక్కినవాడు శత్రువైనా సరే, ఖర్జూరాలు పెట్టి, కహ్వా అనే కాఫీ పోసి, అన్నం పళ్ళెం ముందు పెట్టందే వదలరు. వాళ్ళింటి ఉప్పు తిన్నవాడు ఆపైన వాళ్ళ మనిషే. అంకుల్‌కి మాత్రం ఇదేమీ నచ్చలేదు. డ్యూటీ చేసి అలిసిపోయిన కుర్రాళ్ళని ఎండలో తిప్పుతున్నారనీ, నాన్నకి మతి చలించినట్టుందనీ మా నాన్న దగ్గర బాధపడ్డారు. ఈసారి కాగితాలు అంటించలేదు, సీసాలు తెప్పించలేదు. ఆయన అప్పటికే ఆశ వదిలేసుకున్నారు.

శుక్రవారం అమ్మ వంట తొందరగా ముగించింది. నల్లగొడుగు తీసింది. అంత దూరం ఎండలో ఆ తెడ్లాటకా అని నాన్న నవ్వితే, "ఆట ఎవరిక్కావాలండీ. మనింట్లో అన్నం తిన్న పిల్లాడు. ఎవరూ లేనట్టు ఆడతాడా?" అంది.

మేం వెళ్ళేసరికి జాలరివాళ్ళు చాపలు పరిచేసి ఉన్నారు. ముసలమ్మ మనవల్ని వెంటేసుకుని, ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. నిమ్మతోట వాళ్ళు పికప్ నిండా వచ్చారు. ఏ ఇంటివాళ్ళకీ ఆ ఆట నియమాలు ఒక్కటీ తెలియవు. కానీ తమవాడు ఎక్కడున్నాడో అందరికీ తెలుసు. ఎర్రజుట్టువాడు మోకాలికి బంతి తగిలి కూలబడితే, అమ్మ నీళ్ళసీసా పట్టుకుని తిన్నగా ఆటమధ్యలోకి నడిచి వెళ్ళిపోయింది. ఆట ఆపేశారు. కొట్టినవాడు ముసలమ్మ ఇంటి కుర్రాడు. జాలరిపెద్ద వాణ్ణి తిట్టాడు, ముసలమ్మ జాలరిపెద్దని తిట్టింది, టీకొట్టాయన ఇద్దరికీ సర్దిచెప్పబోయి ఇద్దరిచేతా తిట్లు తిన్నాడు. అంకుల్ కర్ర పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయారు. చీకటిపడేదాకా ఒక్క బండీ కదల్లేదు.

పెద్దాయన మాత్రం కుర్చీ తిప్పుకుని, ఆటకి సగం వీపుపెట్టి, జనాన్ని చూస్తూ కూర్చున్నారు. ఆయన బుగ్గల మీద నీళ్ళు ఉన్నాయి. సంతోషమేనా అని నాన్న అడిగారు. ఆయన చెప్పింది నాన్న ఇంటికి వచ్చాక మాకు చెప్పారు. మా ఊళ్ళో ఆట పాడైందనీ, అందుకే జనం మానేశారనీ అందరూ అంటారు. ఆట పాడవలేదు. ఒక్కో ఇంటి కుర్రాడూ ఊరు వదిలాడు. తమ ఇంటివాడు లేని ఆటస్థలానికి ఏ తల్లి వస్తుంది? ఈ కుర్రాళ్ళని చూడాల్సిన తల్లులు ఎక్కడో ఉన్నారు. నేను చేసిందల్లా, వాళ్ళకి ఇక్కడ ఒక్కో ఇల్లు అప్పుగా అడగడం. అప్పు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. ఎర్రజుట్టువాడి ఆట వాళ్ళమ్మ చూసి ఎన్నేళ్ళయిందో అని ఒకటే మాట.

పెద్దాయన తన ఊరికి వెళ్ళిపోయారు. ఆ చలికాలం ముగియకముందే పోయారని కబురొచ్చింది. తను వెళ్ళేసరికి అంత్యక్రియలు కూడా అయిపోతాయని తెలిసి, అంకుల్ వెళ్ళడం మానుకున్నారు. ఆ శుక్రవారం ఆట లేదని అందరికీ తెలుసు. ఇంట్లో ఉండలేక అంకుల్ ఒక్కరే మైదానానికి వెళ్ళి గుంజకి ఆనుకుని కూర్చున్నారు. కాసేపటికి కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఆ తర్వాత ముసలమ్మ వచ్చింది. జాలరివాళ్ళు, తోటవాళ్ళు, టీకొట్టాయన. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. అమ్మ డబ్బా నిండా పులిహోర పట్టుకెళ్ళింది. చావింటికి పులిహోర ఏమిటని నాన్న అంటే, దూరదేశంలో బిడ్డలు ఆకలితో ఉంటారు, నాకు తెలిసింది అదే అంది. అందరూ ఎవరి చోట్లో వాళ్ళు, ఎప్పటిలాగే గీత పక్కన కూర్చున్నారు. అప్పుడు అంకుల్ లేచి, ఇంతమంది వచ్చి కూర్చున్నాక ఆడకుండా ఎలా వెళ్ళమంటారు అని నాన్నతో అని, కర్ర అందుకున్నారు.

ఆ రోజు ఎవరూ అరవలేదు, తిట్టుకోలేదు. కర్రకి బంతి తగిలే చప్పుడు ఒక్కటే. పొద్దు వాలిపోయినా అమ్మ గొడుగు దించలేదు. అది కళ్ళు కనపడకుండా పట్టుకున్న గొడుగని నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది.

పెద్దాయన అన్నట్టే అయింది. పైపుల పని పూర్తయింది, కుర్రాళ్ళు తలో దేశం వెళ్ళిపోయారు. ఎర్రజుట్టువాడు వెళ్ళే రోజున అమ్మ ఆవకాయ సీసా కట్టి ఇస్తే, వాడు దాన్ని చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. మళ్ళీ కబురు లేదు. అంకుల్ ఇంటికి తాళం పడింది. గుంజలు కొన్నాళ్ళు నిలబడే ఉన్నాయి, జాలరివాళ్ళు వాటిమీద వలలు ఆరేసుకున్నారు. తర్వాత మేమూ వచ్చేశాం.

ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేరు. నేను మళ్ళీ ఒమాన్‌లోనే, రూవి అనే చోట మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా అల్లుడు ఇక్కడి తెలుగువాళ్ళ కమిటీలో ఉన్నాడు. శుక్రవారాలు కబడ్డీ పెడుతున్నారు. ఆడేవాళ్ళు కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి సైట్లలో పనిచేసే కుర్రాళ్ళు. ఫోన్లలో ఎన్ని ప్రకటనలు పంపినా వేసిన కుర్చీలు వేసినట్టే ఉంటున్నాయి. "ఈసారి లక్కీ డ్రా పెడుతున్నాం అత్తయ్య గారూ, జనం విరగబడతారు," అన్నాడు. నాకు ఆరెంజ్ సీసాలు గుర్తొచ్చాయి. అవేవీ వద్దు బాబూ, మన ఫ్లాట్లవాళ్ళు ఒక్కో ఇంటికి ఒక్కో అబ్బాయిని భోజనానికి పిలవండి అన్నాను. అల్లుడు మంచివాడే, నవ్వాడు. "వాళ్ళు లేబర్ క్యాంపు కుర్రాళ్ళండీ. ఇళ్ళకి ఎవరు పిలుస్తారు?" అన్నాడు. చుట్టూ తలుపులు మూసి ఉన్న ఈ మేడలో పక్క ఫ్లాటువాళ్ళ పేరు నాకే తెలియదు, ఇంక ఎవర్నని ఏం లాభం.

నేనే ఒకణ్ణి పిలిచాను. జగిత్యాల దగ్గర వాడట. సన్నగా, నల్లగా, చేతుల నిండా సిమెంటు పగుళ్ళు. సోఫా మీద కూర్చోనన్నాడు, బట్టలు మాసి ఉన్నాయని. బలవంతాన బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించాను. చాలాసేపు తల ఎత్తకుండా తిని, ఆఖర్న అన్నాడు. "అమ్మా, నేను ఒమాన్‌కొచ్చినంక ఒకళ్ళింట్ల కూసొని తినుడు గిదే మొదలు. రూమ్‌ల అందరం వండుకుంటం గని, గిట్ల ఎవలు పెడ్తరు?" మీ అమ్మ నీ ఆట చూసిందా అని అడిగితే, చిన్నప్పుడు బడిల చూసిందని చెప్పాడు. వచ్చే నెల కంపెనీ వాణ్ణి ఎడారి లోపల వేరే సైట్‌కి మారుస్తోందట. అప్పు ఇచ్చిన ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకు తెలియంది కాదు. ఆ పెద్దాయనకీ తెలుసు. తెలిసీ ఎండలో గుమ్మం గుమ్మం తిరిగారు. ఆయన దగ్గర నేను నేర్చుకుని ఇన్నేళ్ళుగా మోస్తున్నది ఇదే.

మొన్న శుక్రవారం మోకాళ్ళ నొప్పితోనే గొడుగు తీసుకుని వెళ్ళాను. లక్కీ డ్రా ఆటకి ముందే తీసేశారు, అది అవగానే జనం వెళ్ళిపోయారు, కుర్చీలన్నీ ఖాళీ. కూతకి బయల్దేరబోతూ వాడు గీత దగ్గర ఆగి, ఆ ఖాళీ కుర్చీలన్నిటి మీదుగా వెతికాడు. నేను గొడుగు కొంచెం పైకెత్తాను. అది చూశాక, ఊపిరి బిగబట్టి గీత దాటాడు.